పాత చాకులు దాచుకుంటే పోలీసు కేసవుతుందా?

ప్రశ్న: పాత జేబు చాకులు సేకరించడం నా హాబీ. తాతగారి నుంచి వచ్చినవీ, హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో కొన్నవీ కలిపి చాలానే ఉన్నాయి. ఎక్కువగా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ తయారీ. ఒకదాని మీద జోసెఫ్ రాడ్జర్స్ పేరు, కిరీటం, వి.ఆర్. అక్షరాలు ఉన్నాయి. పిడి ఏనుగు దంతంలా తెల్లగా ఉంది. దాన్ని అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపాలని ఉంది. ఆయుధాల కేసు పెడతారని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆయుధాల కేసు గురించి టెన్షన్ పడకండి. 2016 ఆయుధాల నిబంధనల్లో కత్తులకు పెట్టిన కొలత 9 అంగుళాలు మించిన పొడవు లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు. మామూలు జేబు చాకు అందులో సగం కూడా ఉండదు. బటన్ నొక్కితే తెరుచుకునే రకం ఉంటే మాత్రం జాగ్రత్త. ఢిల్లీలో వాటిపై విడిగా నోటిఫికేషన్ ఉంది. ఇంకో మాట, బీరువాలో ఉన్న చాకు వేరు, జేబులో ఉన్న చాకు వేరు. జాతరలో గొడవ జరిగి సోదా చేస్తే, హాబీ అని చెప్పినా వినే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు చిక్కు ఆ చాకు వయసుతో, పిడితో. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఆమె 1901లో చనిపోయారు కాబట్టి మీ చాకు వందేళ్లు దాటినదే అనుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం, వందేళ్లు నిండిన పనితనమున్న వస్తువు ఎక్కడ తయారైనా పురావస్తువు కావచ్చు. ఇంట్లో ఉంచుకోవచ్చు. కానీ ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. దాటిస్తే 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. వయసు మీద అనుమానముంటే పురావస్తు శాఖ తేలుస్తుంది, పురావస్తువు కాదని సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. ‘ఇంగ్లండ్’ అని మాత్రమే ముద్ర ఉన్న చాకులకు ఇది బాగా అవసరం. అమెరికా 1890లో దిగుమతి వస్తువులపై దేశం పేరు తప్పనిసరి చేశాక ఆ ముద్ర వాడుకలోకి వచ్చింది. కాబట్టి అలాంటి చాకు వందేళ్లు దాటిందో లేదో ముద్రను బట్టి చెప్పలేం.

ఇక పిడి. భూతద్దంలో చూడండి. సూదిమొనలాంటి నల్లచుక్కలు, సన్నగీతలు కనిపిస్తే చాలావరకు ఎముకే. దంతానికైతే కోసిన అంచు దగ్గర ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలుంటాయి. కాల్చిన సూది గుచ్చే పరీక్ష వద్దు. పిడి సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) అయితే భగ్గున అంటుకుంటుంది. నిజంగా దంతమే అయితే వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. యాజమాన్య పత్రం లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. ఏనుగు ఆఫ్రికాదనీ, చాకు ఇంగ్లండ్‌లో చేసిందనీ వాదిస్తే లాభం లేదు, దిగుమతి దంతానికీ ఇదే నిషేధం. దంతాన్ని పోలిన మామత్ (ఎప్పుడో అంతరించిన ఏనుగు లాంటి జంతువు) దంతం కూడా ఈ నిషేధంలోకే వస్తుందని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది.

కాబట్టి ఆ చాకు ఫొటో ఎక్కడా పెట్టకండి, అమ్మకండి, తమ్ముడికి పంపకండి. తాతగారి కాగితాల్లో అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య పత్రం ఉందేమో వెతకండి. దొరక్కపోతే చాకును చేతులు మార్చకుండా, దగ్గర్లోని వకీలును కలిసి, ఆయన ద్వారానే అటవీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. మీ అంతట మీరు చెప్పడానికీ, సోదాలో దొరకడానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

తమ్ముడికి పంపాలంటే సర్టిఫికెట్ వచ్చిన, ఎముక లేదా కర్ర పిడి ఉన్న చాకును ఎంచుకోండి. విమానంలో తీసుకెళ్లేటట్టయితే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.