ఫ్రీగా వస్తాడంటే ఎవుర్నైనా తెచ్చేసుకోవడమేనా?

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ ఫ్యాన్స్. సాయంత్రం గ్రౌండ్‌లో ఆడి టీ అంగడి కాడ చేరితే ఒకటే గొడవ, కాంట్రాక్ట్ అయిపోయినోళ్ళలో మనోళ్ళు ఎవుర్ని తెచ్చుకోవాలని. మావాడొకడు 33 ఏళ్ళ స్ట్రైకర్ (ముందుండి గోల్స్ కొట్టేవాడు) కావాలంటాడు, పెద్ద పేరు, పైగా ఫ్రీ గదా అని. నేనేమో 24 ఏళ్ళ లెఫ్ట్ బ్యాక్ (ఎడం పక్క డిఫెండర్) అంటా ఉండా. లిస్ట్ పంపిస్తా ఉండాం, నువ్వే తేల్చు.
- బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: లిస్ట్ చూసినా తమ్ముడూ, చాంతాడంత ఉంది. పేర్లు మాత్రం అచ్చెయ్యడంలా, పత్రిక మీ చేతికొచ్చే లోపల సగం మంది యాడో ఒకచోట సంతకం పెట్టేసుంటారు.

ముందు ఆ ఫ్రీ సంగతి చూద్దాం. పాత క్లబ్బుకి కట్టాల్సిన ట్రాన్స్‌ఫర్ ఫీజు ఒక్కటే మిగిలేది, ఆ మిగిలిన దాంట్లో నాకెంత అని ఆటగాడు సైనింగ్ బోనస్ అడుగుతాడు, ఏజెంట్ కమీషన్ అంటాడు, వారం జీతం కూడా రవ్వంత జాస్తిగానే ఉంటుంది. తిరపతోళ్ళకి నేను చెప్పాలా, సర్వదర్శనం కూడా ఫ్రీనే, కంపార్ట్‌మెంట్లో కూర్చున్నోడిని అడగండి.

మీ ఆర్సెనల్‌లోనే రెండు కథలుండాయి. 2001లో సోల్ క్యాంప్‌బెల్, టాటెన్‌హామ్ కెప్టెన్, కాంట్రాక్ట్ అయిపోతానే పక్కింటి పగోడైన ఆర్సెనల్‌కి పైసా ఫీజు లేకుండా వచ్చేసినాడు, టాటెన్‌హామోళ్ళు ఈ రోజుకీ ఆయన పేరెత్తితే మండిపడతారు. అప్పుడాయనకి 26 ఏళ్ళు. మొదటి సీజన్లోనే ఇంగ్లండ్ పెద్ద లీగైన ప్రీమియర్ లీగూ, ఎఫ్‌ఏ కప్పూ రెండూ గెలిచినారు, 2003-04లో లీగ్ 38 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా 26 గెలిచి 12 డ్రా చేసిన టీమ్‌లో డిఫెన్స్ మధ్యలో నిలబడింది ఆయనే.

రెండోది 2020లో విలియన్, వింగర్, అంటే గ్రౌండ్ అంచున పరిగెత్తి ఎటాక్ చేసేవాడు. చెల్సీ నుంచి ఫ్రీగానే వచ్చినాడు, 32 నిండినాయి, అయినా మూడేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చేసినారు. ఫుల్‌హామ్ మీద మొదటి మ్యాచ్ చూసి అబ్బా ఏం ఆడినాడ్రా అనుకున్నాం, ఆనక లీగ్‌లో సీజనంతా కలిపి ఒక్కటే గోల్. ఏడాదికే కాంట్రాక్ట్ తెంచుకుని బ్రెజిల్ వెళ్ళిపోయినాడు, మిగిలిన జీతం వదులుకుని పోయినాడు కాబట్టి సరిపోయింది, మొండికేసి కూర్చోనుంటే క్లబ్బు ఏం చేసేది? తమాషా ఏందంటే 2022లో అదే మనిషి ఫుల్‌హామ్‌కి ఫ్రీగా వచ్చి బ్రహ్మాండంగా ఆడినాడు. అంటే ఆట మర్చిపోలేదు, క్లబ్బు లెక్క తప్పింది.

వయసైనోడు దండగ అనేసి నువ్వూ కాలరెగరెయ్యొద్దు. తియాగో సిల్వా 35 ఏళ్ళకి పారిస్ క్లబ్బు పీఎస్‌జీ వదిలి చెల్సీకి ఫ్రీగానే వచ్చినాడు, 2021 మేలో యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఎత్తినాడు. ఆయన సెంటర్ బ్యాక్, అంటే డిఫెన్స్ మధ్యలో ఉండేవాడు, బాల్ యాడికొస్తుందో ముందే కనిపెట్టి నిలబడితే సగం పని అయిపోతుంది. వింగర్‌కి కాళ్ళలో స్పీడ్ పోతే ఇంకేం మిగలదు. స్ట్రైకర్ సంగతి ఆ రెండిటికీ నడిమధ్య.

కాబట్టి ఎవురు అని కాదు, ఎన్నేళ్ళకి అని కొట్లాడండి. 33 ఏళ్ళ స్ట్రైకర్ ఒక్క ఏడాదికి వస్తానంటే, బెంచీ మీద కూర్చోడానికి మొహం మాడ్చుకోకపోతే మీవాడి మాటే రైటు, రమ్మనండి. మూడేళ్ళు కావాలంటే దండం పెట్టి పంపించెయ్యండి. నీ లెఫ్ట్ బ్యాక్‌కి నాలుగేళ్ళిచ్చినా భయం లేదు, ఆడకపోతే అమ్ముకోవచ్చు, కాకపోతే 24 ఏళ్ళోడిని పాత క్లబ్బు ఎందుకు వదిలేసిందో, మోకాలు బాగుందో లేదో కనుక్కో ముందు.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్ళని కొనే గడువు) మూసేసినాక కూడా ఫ్రీ ఏజెంట్‌ని, అంటే కాంట్రాక్ట్ లేనోడిని తెచ్చుకోవచ్చంటారు, నిజమా? అసలీ రూల్ ఎవురు పెట్టినారు?
- కొర్లగుంట, తిరుపతి

జవాబు: నిజమే. విండో మూసే లోపల అతని కాంట్రాక్ట్ అయిపోయుంటే చాలు. అయితే ప్రీమియర్ లీగ్‌లో 25 మంది లిస్ట్‌లో ఖాళీ ఉండాల, ఛాంపియన్స్ లీగ్‌కి లిస్ట్ వేరే, అది పంపించేసినాక వచ్చినోడు దాంట్లో ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే.

కాంట్రాక్ట్ అయిపోయినోడు ఫీజు లేకుండా పోవచ్చన్నది బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి పుణ్యం. 1990లో లియేజ్ క్లబ్బుతో కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్తదాంట్లో జీతం కోసేసినారు, ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్బుకి పోతానంటే ఫీజు కాడ అడ్డం పడినారు. ఆయన కోర్టుకెక్కినాడు, 1995 డిసెంబర్ 15న యూరప్ కోర్టు ఆయన పక్కన తీర్పిచ్చింది. అప్పటికి ఆయన ఆడే వయసంతా కోర్టుల చుట్టూనే గడిచిపోయింది పాపం, కోట్లు మాత్రం వెనకొచ్చినోళ్ళు తింటా ఉండారు. 2024లో ఎంబాపే పీఎస్‌జీ నుంచి రియల్ మాడ్రిడ్‌కి ఫీజు లేకుండా పోయింది కూడా ఈ దారిలోనే.

ప్రశ్న: మన ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఇట్లా ఫ్రీగా వచ్చి కొట్టినోడు ఎవురన్నా ఉండారా సార్? చిత్తూరోళ్ళం చెన్నైకి సపోర్ట్ చెయ్యాలా బెంగళూరుకా?
- గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఓగ్బెచే. నైజీరియా స్ట్రైకర్, 37 ఏళ్ళ మనిషి, 2021-22లో హైదరాబాద్‌కి 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, ఫైనల్లో కేరళని పెనాల్టీల్లో ఓడించి కప్పు కూడా హైదరాబాదే ఎత్తింది. పై బాలాజీ కాలనీ తమ్ముడు ఇది చదివితే వాళ్ళ గ్రూపులో గొడవ మళ్ళీ మొదలు.

చెన్నై టీమ్ చెన్నైయిన్ 2015లో, 2017-18లో రెండుసార్లు ఐఎస్‌ఎల్ గెలిచింది, ఆ రెండోసారి ఫైనల్లో ఓడగొట్టింది బెంగళూరునే, అదీ బెంగళూరు గ్రౌండ్‌లోనే. నేనైతే చెన్నై. మీరు రాత్రి మ్యాచ్ చూసి ఏ ఊరి నుంచి బస్సు సులువుగా దొరుకుతుందో దాన్ని బట్టి తేల్చుకోండి.