విడుదల తేదీ లేని శిక్షల మీద అప్పీళ్లు చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా కోర్సు చివరి ఏడాదిలో ఉంది. ఇంగ్లండ్‌లో విడుదల తేదీ లేని శిక్షలు పడ్డవాళ్ల అప్పీళ్లు చూసే లాయర్ అవుతానంటోంది. అప్పు చేసి అక్కడ ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ)కి పంపమంటారా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. అయినా మీ అమ్మాయి ఎంచుకున్నది మంచి పని. ఆమె చెబుతున్నది ఐపీపీ (ఇంప్రిజన్‌మెంట్ ఫర్ పబ్లిక్ ప్రొటెక్షన్, అంటే ప్రజల రక్షణ కోసం జైలు) శిక్ష గురించి. సమాజానికి ప్రమాదకరమని జడ్జి భావించినవాళ్లకు 2005 నుంచి ఈ శిక్ష వేశారు. కనీస గడువు రెండేళ్లే అయినా, ఇక ప్రమాదం లేదని పెరోల్ బోర్డు నమ్మేదాకా బయటికి పంపరు. 2012లో దీన్ని రద్దు చేశారు గానీ, అప్పటికే శిక్ష పడ్డవాళ్లకు ఆ రద్దు వర్తించలేదు. కొందరు నేటికీ లోపలే ఉన్నారు. తలుచుకుంటేనే బాధగా ఉంటుంది.

ఈ అప్పీళ్లు గెలవడం కష్టం. చట్టం తర్వాత మారిందన్న ఒక్క కారణంతో, నాడు చట్టప్రకారం వేసిన శిక్షను మార్చలేమని అక్కడి అప్పీల్ కోర్టు 2016లో తేల్చింది. కాబట్టి ఆ రోజు జడ్జి ముందున్న కాగితాల్లోనే తప్పు పట్టుకోవాలి. ముద్దాయి వయసును, పరిణతి లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకున్నారా? సైకియాట్రిస్ట్ రిపోర్టును సరిగా చదివారా? 2024లో కుర్రతనంలో నేరం చేసిన ఒకరి ఐపీపీని కోర్టు కొట్టేసి, ఐదేళ్ల మామూలు శిక్షగా మార్చింది కూడా ఇలాంటి వాదన మీదే.

పాత రికార్డును ఇలా వెతికే ఓపిక ఎల్‌ఎల్‌ఎంతో రాదు. అందుకే అప్పు చేయొద్దంటాను. పైగా అక్కడ లీగల్ ఎయిడ్ (ఫీజు కట్టలేనివాళ్ల కేసులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) మీద నడిచే క్రిమినల్ ఆఫీసుల్లో జీతాలు తక్కువ. వర్క్ వీసాకు కావాల్సిన కనీస జీతాన్ని 2024లో బాగా పెంచారు. ఈ రెండూ కుదరడం కష్టం.

ముందు ఇక్కడే అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ చేయించండి. హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు చేసే సీనియర్ దగ్గర మూడేళ్లు పనిచేయనివ్వండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా జైలు అప్పీళ్లు కూడా చూడొచ్చు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి ఒక రకం లాయర్) కావడానికి రాసే ఎస్‌క్యూఈ పరీక్షకు కూర్చోవచ్చు. దానికి ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు. అప్పటికే అడ్వొకేట్ అయినవాళ్లకు రెండేళ్ల పని అనుభవం షరతు కూడా ఉండదు.

ఈలోగా ఆ 2016 తీర్పును పూర్తిగా చదివి, ఓడిపోయినవాళ్ల వాదన ఎక్కడ నిలవలేదో రెండు పేజీలు రాయమనండి. అది నాకు పంపితే, ఆమెతో నేనే మాట్లాడతాను.