ఫిల్టర్ కట్టే ముందు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఊరి బోరింగుకి, గెడ్డ నీళ్లకి ఫిల్టర్ కడతామని నువ్వూ నీ క్లాసు పిల్లలూ పట్టుబట్టారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మన కోరాపుట్ జిల్లాలోనే, దమంజోడిలో చదువుకున్న లలితా ప్రసీద మొక్కజొన్న గింజలు ఒలిచి పారేసే కండెలతో ఫిల్టర్ చేసి, 2015లో గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో అవార్డు తెచ్చుకుంది. అప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్లు. కండె ముక్కలు, పొడి, బొగ్గు, ఇసుక, అన్నీ వేరువేరు పొరలుగా పేర్చింది. నాకు బాగా నచ్చింది అదే.

మీరు మాత్రం ముందు నీళ్లలో ఏముందో తేల్చుకోండి. బోరింగు నీళ్లు గ్లాసులో పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపు కదపకుండా ఉంచితే ఎర్రబడి, అడుగున తుప్పులాంటి మడ్డి దిగిందా? అది ఇనుము. జామాకు నలిపి వేసి చూడు, నీళ్లు నల్లబడతాయి. దీనికి ఉపాయం సులువే. చిల్లుల పళ్లెం మీదుగా నీళ్లని ఎత్తు నుంచి పడనిస్తే గాలి తగిలి, కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారుతుంది. కింద ఇసుక దాన్ని ఆపేస్తుంది. ఆ ఇసుకని తరచూ కడగాలి. ఎవరు కడగాలో ఇప్పుడే వంతులు వేసుకోండి. కట్టేటప్పుడున్న హుషారు కడిగేటప్పుడు ఉండదు, చాలా ఊళ్లలో చూశాను.

ఫ్లోరైడ్ అయితే ఈ ఇసుక పనికిరాదు. దానికి రంగూ వాసనా ఉండవు, మరిగించినా పోదు. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదంటారు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసింది. మోతాదు తప్పకూడదు కాబట్టి ల్యాబ్ రిపోర్టు లేకుండా దాని జోలికి వెళ్లకండి.

గెడ్డ నీళ్లతో అసలు భయం మురుగు. నీళ్లలో మురుగు కలిసిందేమో చూసే మందు వేసి ఉన్న హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు తెచ్చుకోండి. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, నల్లబడిన సీసాలో మురుగు కలిసిందనే అనుకోవాలి. ఫిల్టర్‌లోకి పోసే నీళ్లకొకటి, బయటికొచ్చిన నీళ్లకొకటి పెట్టండి. రెండోదీ నల్లబడితే, ఆ నీళ్లు ఎంత తేటగా కనిపించినా మరిగించకుండా తాగకూడదు. ఎవరో ఒకరు గొప్పకి గటగటా తాగి చూపిస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎవర్నీ తాగనివ్వకు తల్లీ.

వానలకి ముందొకసారి, వానలు పడ్డాక ఒకసారి ఇవన్నీ చేసి, తేదీ, ఏ బోరింగో, ఏ రేవో నోట్‌బుక్‌లో రాయి. ముందు ఆ పేజీలు ఫొటో తీసి పంపు. ఫిల్టర్ బొమ్మ తర్వాత చూద్దాం.

మీ పెదనాన్న,
జయపురం