ఇండెమ్నిటీ అంటే నష్టపరిహారమేనా?

సందేహం: కాలం చేసిన మా నాన్నగారి డిపాజిట్ సొమ్ము కోసం వెళితే, బ్యాంకువారు ‘ఇండెమ్నిటీ బాండు’ రాసి ఇమ్మన్నారు. నిఘంటువులో ఆ మాటకు ‘నష్టపరిహారం’ అని ఉంది. బ్యాంకు నష్టపోయింది లేదు, నేను నష్టపరచిందీ లేదు. మరి పరిహారం మాట ఎందుకు వచ్చింది?

సమాధానం: నిఘంటువు చెప్పినది తప్పు కాదు గాని, మీ పత్రానికి అది చాలదు. నష్టపరిహారమనగానే మనకు స్ఫురించేది జరిగిపోయిన నష్టానికి చెల్లించే సొమ్ము. ఒప్పందాన్ని ఉల్లంఘించినవారు ఇచ్చుకోవలసిన ఆ సొమ్మును గురించి 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 73వ సెక్షను చెబుతుంది. ఇండెమ్నిటీని నిర్వచించేది 124వ సెక్షను: తన చర్య వల్లగాని మరొకరి చర్య వల్లగాని అవతలివారికి కలిగే నష్టం నుండి వారిని కాపాడతానని ఒకరు మాట ఇచ్చే ఒప్పందం. నష్టం ఇంకా జరగలేదు, అసలు జరగకపోవచ్చును కూడా. మీకు సొమ్ము చెల్లించిన తరువాత మరొక వారసుడు వచ్చి దావా వేస్తే, ఆ భారం బ్యాంకుపై పడకుండా మీరు భరిస్తారన్నదే మీ బాండు సారాంశం.

ఈ మాటకు మూలమైన లాటిన్ పదంలో ‘ఇన్’ అంటే లేని, ‘డామ్నమ్’ అంటే నష్టం. సంస్కృతంలో పరిహారమంటే తొలగించడం, తప్పించడం; దోషపరిహారమన్నప్పుడు మనం ఆ అర్థంలోనే వాడుతున్నాము. కనుక ధాత్వర్థాన్ని బట్టి చూస్తే నిఘంటుకారుని ఎంపిక ముచ్చటైనదే, కాని రైలు ప్రమాదాల వార్తలలోను, భూసేకరణ ప్రకటనలలోను నలిగి నలిగి ఆ మాట చెల్లింపుకు స్థిరపడిపోయింది, దానిని ఇప్పుడు వెనక్కి లాగలేము.

దీనిని ‘పూచీకత్తు’ అనడం మరింత చిక్కు. పూచీలో అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, పూచీదారు అని ముగ్గురుంటారు, అసలు బాకీదారు తప్పినప్పుడే పూచీదారుపై భారం పడుతుంది. 126వ సెక్షను చెప్పేది దీనిని గురించే. ఇండెమ్నిటీలో ఉండేది ఇద్దరే, మాట ఇచ్చినవారిదే నేరుగా బాధ్యత.

క్రియ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో ‘ఇండెమ్నిఫై’కి కర్మ మనిషిగాని సంస్థగాని అవుతుంది, తెలుగులో మనం భర్తీ చేసేది నష్టాన్ని. అందువల్ల ‘బ్యాంకును నష్టపరిహరిస్తాను’ వంటి వాక్యాలు కృతకంగా ఉంటాయి. ‘ఈ చెల్లింపు వల్ల బ్యాంకుకు నష్టం వాటిల్లితే దానిని నేను భర్తీ చేయగలవాడను’ అంటే అర్థమూ చెడదు, తెలుగూ చెడదు. మన విక్రయ దస్తావేజులలో, ఆస్తిపై తగాదాలు వస్తే నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడనంటూ అమ్మకందారు రాసే షరతు నడక కూడా ఇదే. దస్తావేజు లేఖరులు ఏ ఇంగ్లీషు మాటా తగిలించకుండానే ఆ పని చక్కగా నెరవేరుస్తున్నారు.

ఇక పత్రానికి పేరంటారా, ‘నష్టభర్తీ పత్రం’ అనడం నా అభిమతం. సంస్కృతపదానికి హిందీ నుండి వచ్చిన ‘భర్తీ’ని జతచేయడమేమిటని అభ్యంతరపడేవారు ‘నష్టపూర్తి పత్రం’ అనవచ్చును.