సిమ్ ఏదో చూడకుండా ఫోను కొనకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బటన్ ఫోన్ల గురించే. నాకు సంతోషమే. తెనాలిలో నేను రిపేరు షాపు తెరిచింది నోకియా 1100 వచ్చిన 2003లో. అప్పట్లో దాని నెత్తిన ఉన్న టార్చి లైటు కోసమే కొన్నవాళ్ళు బోలెడు మంది. రాత్రిపూట పొలానికి నీళ్ళు పెట్టుకోవడానికి పనికొస్తుందని. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ అదే రకం ఫోను అడుగుతున్నారు. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. పదేళ్ళుగా వాడుతున్న బటన్ ఫోను కాలవలో పడిపోయింది. సంతలో 950 రూపాయలకి కొత్తది కొన్నాం. సిమ్ వేస్తే సిగ్నలే రావడం లేదు. ఫోను అమ్మినాయన సిమ్ పాడైందంటాడు. సిమ్ ఇచ్చినాయన ఫోను పాడైందంటాడు. ఈమధ్యే మా తమ్ముడు ఇంట్లో అందరి నంబర్లూ జియోకి మార్చాడు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీరు ఆఖర్న రాసిన వాక్యంలోనే జబ్బు దొరికింది. మీ ఫోనూ బాగానే ఉంది, సిమ్మూ బాగానే ఉంది. ఆ రెండిటికీ జత కుదరలేదు. 950 రూపాయల ఫోను దాదాపుగా 2జీదే, అంటే పాతతరం నెట్‌వర్కుదే అయ్యుంటుంది. జియోకి 2జీ లేదు. 2016లో అది మొదలైందే 4జీ మీద. అందులో మాట కూడా ఇంటర్నెట్ దారిలోనే వెళ్తుంది, దాన్నే వోల్టీ అంటారు. ఆ దారి తెలియని ఫోనులో సిమ్ వేస్తే, ఎదురుగా టవరున్నా దానికి కనపడదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ ఇంకా 2జీ నడుపుతున్నాయి కాబట్టి వాటి సిమ్‌లు ఆ ఫోనులో పనిచేస్తాయి.

ఈ తప్పు నేనూ చేశాను. 2017లో ఒక కౌలు రైతుకి ఏ సిమ్మో అడక్కుండా ఫోను అమ్మాను. మోగడం లేదని వచ్చాడు. ఇంకోటి మార్చి ఇచ్చాను. మళ్ళీ వచ్చాడు. మూడోసారి కోపంగా రాలేదు, తనకే వాడటం చేతకావడం లేదేమోనని సిగ్గుపడుతూ వచ్చాడు. అప్పుడు సిమ్ తీసి చూశాను. ఆయన ముందు నా తల ఎత్తలేకపోయాను. ఆనాటి నుంచి బటన్ ఫోను అడిగినవాళ్ళని ధర చెప్పకముందే ‘ఏ సిమ్మండీ?’ అని అడుగుతాను.

మీకు రెండు దారులున్నాయి. నంబరు మళ్ళీ పాత కంపెనీకి మార్చుకోవడం ఒకటి. కానీ ఒకసారి మారిన నంబరు మళ్ళీ మారాలంటే 90 రోజులు ఆగాలి. రెండోది 4జీ బటన్ ఫోను కొనడం. 2023లో 999 రూపాయలకి వచ్చిన జియోభారత్ చవకైనదే, కానీ అందులో వేరే కంపెనీ సిమ్ పడదు. ఏ సిమ్మయినా పడే 4జీ బటన్ ఫోను కావాలంటే అంతకంటే ఎక్కువే పెట్టాలి. పెట్టెమీద ‘డ్యూయల్ సిమ్’ అని ఉందని సంబరపడొద్దు, అది రెండు సిమ్‌లు పడతాయని చెప్పడమే. ‘4జీ’ అన్న అక్షరాలు వెతకండి. ఒకే పేరుతో రెండు రకాలూ ఉంటాయి. 2024లో వచ్చిన హెచ్ఎండీ 105 అలాంటిదే, వచ్చినప్పుడు 2జీది 999 రూపాయలు, 4జీది ఆ పైన వెయ్యికి మించి ఎక్కువ. పేరొక్కటే చెప్పి తెమ్మంటే చవకది చేతిలో పెట్టి పంపిస్తారు.

ఇంకోమాట. మీ నాన్నగారిని షాపుకి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆయన సిమ్మే వేయించి, ఆయన చేతే ఫోను చేయించండి. బొటనవేలు ఒక బటన్ మీద పెడితే పక్కదీ నొక్కుకుంటోందా, అవతలి మాట ఆయన చెవికి వినపడుతోందా అన్నది డబ్బు ఇవ్వకముందే తేలిపోవాలి. కెమెరా, ఎఫ్ఎం గురించి షాపువాడు చెప్పేదంతా తర్వాత వినొచ్చు. 2జీ ఫోను చార్జింగు వారం ఆగేదనీ, ఇది మూడు నాలుగు రోజులకే అయిపోతోందనీ మీ నాన్నగారు గొణుగుతారు. 4జీ బటన్ ఫోన్ల సంగతి నా షాపులో నేను చూసినంతలో అంతే, అది రిపేరు కాదు.

ప్రశ్న: మా మనవరాలు తెలుగులో మెసేజ్ పంపిస్తే నా ఫోనులో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి. రిటైరైన తెలుగు మాస్టారిని, అవమానంగా ఉంది. – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, మీ ఫోను బాగా పాతదై ఉంటుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. మన దేశంలో అమ్మే ఫోన్లు 22 భాషల్లోనూ మెసేజ్ చూపించగలగాలని కేంద్రం 2016లో ఆదేశం ఇచ్చింది. అది అమల్లోకి వచ్చాక తయారైన ఫోను కొంటే వెయ్యి రూపాయలదైనా తెలుగు చూపిస్తుంది. మీ మనవరాలి చేత తెలుగులో ఒక మెసేజ్ పంపించి, షాపులోనే చదివి చూసి కొనండి.

మీకు నచ్చే లెక్క ఒకటి చెబుతాను. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. పైగా గుణింతం, ఒత్తు, పొల్లు వేటికవే విడివిడిగా లెక్క. ‘స్త్రీ’ అని రాస్తే మీకూ నాకూ ఒక్క అక్షరం, ఫోనుకి ఆరు! 70 దాటగానే రెండో మెసేజ్ కింద లెక్కేస్తారు. సంయుక్తాక్షరాల మీద పన్ను అనుకోండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ ఒంగోలు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పోలీసులమని ఫోనులోనే బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ వార్తలు విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. టచ్ ఫోను తీసేసి బటన్ ఫోను ఇస్తే మోసాల బెడద పోతుందా? – ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: బాబూ, సగం పోతుంది. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసేవాడూ, లింకు పంపి నొక్కమనేవాడూ ఆ ఫోనులోకి రాలేరు. కానీ ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండమ్మా’ అనేవాడికి ఏ ఫోనైనా ఒకటే. అది అమ్మకి మీరే చెప్పాలి, ఒక్కసారి కాదు, ఫోను చేసిన ప్రతిసారీ. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఆ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి గోడకి అంటించండి.

టచ్ ఫోను పూర్తిగా తీసేయకండి. మిమ్మల్నీ మనవళ్ళనీ వీడియోలో చూసుకోవడానికి అది కావాలి. ఇంట్లో వైఫై ఉంటే సిమ్ తీసేసి ఆదివారం కోసం ఉంచండి. బ్యాంకు నంబరున్న సిమ్ బటన్ ఫోనులో వేయండి. డబ్బు పంపాలంటే బటన్ ఫోన్ల కోసం 2022లో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టిన యూపీఐ 123పే ఉంది, మాటలు విని అంకెలు నొక్కుతూ పంపొచ్చు. కానీ మీ భయం మోసాల గురించే కదా, అమ్మకి అవసరం లేకపోతే దాని జోలికే పోవద్దని నా సలహా.

ఒక్క అంకె నొక్కి పట్టుకుంటే కాల్ వెళ్ళే స్పీడ్ డయల్‌లో మొదట మీ నంబరు పెట్టాలని మీకుంటుంది. వద్దు. అర్ధరాత్రి కాలు జారితే మీరు డల్లాస్ నుంచి వచ్చి లేపలేరు. పక్కింటివాళ్ళది మొదట, ఊళ్ళో డాక్టరుది తర్వాత, మీది ఆ తర్వాత. పైగా విదేశాలకి చేసే ఐఎస్‌డీ సదుపాయం, దానికి సరిపడా బ్యాలెన్సు లేకపోతే ఆవిడ నుంచి మీకు కాల్ వెళ్ళదు, మీరే చేయాలి. 2017 తర్వాత అమ్మిన బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరు 112కి కాల్ వెళ్ళాలని నిబంధన ఉంది. మీ ఫోనులో ఏ అంకో షాపులో చూపించమనండి. ఈ బటనే తెలియక ఫోను చీరకొంగులో ముడేసుకుని పొరపాటున పోలీసులకి కాల్ చేసినవాళ్ళు నా దగ్గరకి వచ్చారు!

ప్రశ్న: ఫోను బల్లమీద పెడితే బొంగరంలా తిరుగుతోంది. – ఒక పాఠకుడు, కదిరి

జవాబు: బ్యాటరీ ఉబ్బింది. ఇవాళే తీసేయండి. గుచ్చొద్దు, మంటలో వేయొద్దు, చార్జింగు అసలే పెట్టొద్దు. వెనకమూత తీసి బ్యాటరీ మీద రాసిన నంబరు, ఉదాహరణకి ‘బీఎల్-5సీ’ లాంటిది, షాపులో చూపించి అదే తెచ్చుకోండి.

ప్రశ్న: మా అత్తగారిది బటన్ ఫోను. నెట్ వాడదు. అయినా ప్రతినెలా నెట్‌తో కలిపే రీచార్జ్ చేయిస్తున్నాం. వేరే మార్గం లేదా? – ఒక పాఠకురాలు, పాల్వంచ

జవాబు: ఉంది. నెట్ లేకుండా కాల్స్, మెసేజ్‌లకి మాత్రమే ప్యాకులు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకి చెప్పింది. మరుసటి నెలలోనే వచ్చాయి. అప్పుడు 84 రోజులకి ఎయిర్‌టెల్‌లో 469, జియోలో 448 రూపాయలు. ధరలు మారుతుంటాయి, చేయించే ముందు చూసుకోండి. మీ ఇంట్లో పిల్లలెవరైనా యాప్‌లో చేస్తుంటే ‘వాయిస్ ఓన్లీ’ అని వెతకమనండి. పైన కనపడదు, చాలా కిందికి జరపాలి.