ఫుటేజీ మన బీరువాలో ఉండాల

అనంతపురం

నాయనా,

ఆఫీసు వీడియోలు సొంతంగా తీసుకుంటే చవకా, కాంట్రాక్టుకిస్తే చవకా అని అడిగినావు. నోట్ ఫైలు పెట్టేది నువ్వే కాబట్టి వివరంగా రాస్తున్నా.

బుక్కరాయసముద్రం చెరువు నిండి మరవ పారితే పొద్దున కబురొస్తుంది, మధ్యాహ్నానికి కెమెరా కట్ట మీద ఉండాల. వేరుశనగ ఊడలు దిగేదీ అంతే, ఎవరి కోసమూ ఆగదు. డ్రిప్ సేద్యం మీద మా ఆఫీసులో ఒక వీడియో తీయించాలని కొటేషన్లు పిలిచి, ధరలు పోల్చే కంపారేటివ్ స్టేట్‌మెంట్ రాసి, సంతకాలు అయ్యేసరికి కళ్యాణదుర్గం దిక్కు చెట్లు పెరికి వామి వేసేసినారు. ఉత్త చేను షూట్ చేసుకుని వచ్చినాము. ఇట్లాంటి వాటికి సొంత కెమెరా, సొంత మనిషి ఉండాల్సిందే.

అట్లని కెమెరా ధర ఒక్కటే చూపించి సొంతం చవకని రాయొద్దు. జీతం, కంప్యూటర్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చందా, రిపేర్లు ఏడాదికి కూడి, ఆ ఏడాది నిజంగా బయటికొచ్చిన వీడియోల సంఖ్యతో భాగించు. మా బీరువాలో ఒక కెమెరా ఉండేది. తీసేవాడు బదిలీ అయినాక మూడేళ్లు ఎవరూ ముట్టలేదు. తెరిచిన రోజు బ్యాటరీ ఉబ్బి లోపలే బిగుసుకుపోయింది, లెన్సులో తెల్లగా బూజు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, అది ప్రజల డబ్బు. కనీసం ఇద్దరికి పని నేర్పించు.

డ్రోన్, యానిమేషన్, ఏడాదికొకసారి తీసే పెద్ద డాక్యుమెంటరీ బయటికే ఇయ్యి. కొటేషన్లలో 18 శాతం జీఎస్టీ ఎవరు కలిపినారో, ఎవరు కలపలేదో చూసుకునే పోల్చు. మార్పులు ఎన్నిసార్లు ఉచితమో రాయించు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎడిట్ చేయని ఫుటేజీ. వేరే ఒప్పందం లేకుంటే, డబ్బిచ్చి తీయించుకున్న సినిమాకు, అంటే ఇట్లాంటి వీడియోకు కూడా, తీయించినవాళ్లే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కానీ డిస్కు వాళ్ల దగ్గరుంటే ఆ హక్కు కాగితం మీదే. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. బిల్లు పాసైనాక అంత బరువు వాళ్లెందుకు మోస్తారు? రెండేళ్ల తర్వాత మాకు పాత చెరువు షాట్లు కావాల్సి వచ్చి అడిగితే, తీసిన సంస్థ చెరిపేసినామని చెప్పింది. నిండుగా ఉన్న ఆ చెరువును మళ్లీ యాడ తెచ్చేది? అందుకని రెండు హార్డ్ డిస్కుల ఖర్చు ఎస్టిమేట్‌లోనే పెట్టు. ఫుటేజీ మొత్తం, ఊరు, తేదీ రాసిన జాబితాతో అప్పగించినాకే ఆఖరి వాయిదా చెల్లించాలని షరతు రాయి. డిస్కులు తెరిచి, నీ కళ్లతో చూసినాకే సంతకం పెట్టు.

ఒప్పందం చిత్తుప్రతి పైకి పంపే ముందు నాకొకసారి చూపించు. ఆదివారం ఇంట్లోనే ఉంటా.

మీ పెద్దనాయన