నొప్పింపక, తా నొవ్వక: పరామర్శకు తగిన మాటలు

ప్రశ్న: విశాఖపట్నంలో మేము కొందరం ఆసుపత్రులకు వెళ్ళి, రోగుల బంధువుల దగ్గర కాసేపు కూర్చుని వారు చెప్పేది వింటూ ఉంటాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికోసం చిన్న కరపత్రం రాస్తున్నాను. ఎదుటివారి బాధను అర్థం చేసుకోవాలి, దాన్ని నెత్తికెత్తుకోకూడదు, మన బాధను వారిమీద రుద్దకూడదు అన్నది అందులో విషయం. దీన్ని సానుభూతి అనాలా, సహానుభూతి అనాలా? ‘తటస్థంగా ఉండాలి’ అనవచ్చా? పైన ‘నొప్పింపక తా నొవ్వక’ పద్యం వేద్దామంటే, అది తప్పించుకు తిరగమని చెప్పే పద్యం కదా అని మాలో ఒకరు అడ్డుచెప్పారు.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: అమ్మా, అడ్డుచెప్పినవారిని తప్పుపట్టలేం. సుమతీ శతకంలోని ఆ పద్యానికి చివరి పాదమే శత్రువైంది. ‘తప్పించుక తిరుగువాడు’ అన్న ముక్క విడిగా జనం నోట పడి, ఎవరికీ చిక్కకుండా జారుకునేవాడి బిరుదుగా మారింది. పద్యం మొత్తం చూడండి:

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

ధన్యుడు ముందు చేసిన పని ‘మాటలాడి’. అప్పటికి ఏది తగునో ఆ మాట ఆడాడు, అంటే మనుషుల మధ్యకు వచ్చాడు. జారుకునేవాడికి సందర్భమెందుకు, మాటెందుకు? ‘తప్పించుక’ అన్నది ‘తప్పించుకొని’కి కుదించిన రూపం. దేన్ని తప్పించుకొని అంటే, ముందు పాదంలోనే చెప్పిన రెండింటిని: ఎదుటివారిని నొప్పించడం, తాను నొచ్చుకోవడం. మనుషులను తప్పించుకోమని అక్కడ లేదు. ‘తిరుగువాడు’ అన్నాడంటే నలుగురిలో మసలేవాడనే.

ఆ రెండు క్రియల జత చూడండి. నొచ్చు, నొప్పించు ఒకే కుదురులోంచి వచ్చాయి. మొదటిది తనకు కలిగేది, రెండోది దాని ప్రేరణార్థకం, ఇతరులకు కలిగించేది. మీ కరపత్రం చెప్పదలచిన రెండు జాగ్రత్తలూ ఈ రెండు మాటల్లోనే ఉన్నాయి. పద్యం నిస్సంకోచంగా వేయండి, నాలుగు పాదాలూ వేయండి.

ఇక సానుభూతి, సహానుభూతి. వ్యుత్పత్తి మీద ఆధారపడితే ఈ తగవు తేలదు. స, సహ రెండూ ‘తోడి’ అనే చెబుతాయి. తేడా వాడుకలో వచ్చింది. సానుభూతి అనగానే మనకు సానుభూతి ఓట్లు, సానుభూతిపరులు గుర్తుకొస్తారు. ఒకరు పైనుంచి చూసి ‘అయ్యో పాపం’ అనడమే ఆ మాటలో మిగిలింది. ఎదుటివారి స్థితిలోకి వెళ్ళి చూడటానికి సహానుభూతి అని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. అదే వాడండి. హిందీ తెలిసినవారికి మాత్రం ఒక చిక్కు ఉంది. హిందీలో సహానుభూతి అంటే మన సానుభూతే. మనస్తత్వశాస్త్రం రాసేవారు తదనుభూతి అని కూడా అంటారు. తప్పులేదు గాని ఆసుపత్రి వరండాలో పంచే కాగితానికి అది బరువు.

తటస్థం వద్దు. తటం మీద, అంటే ఒడ్డున నిలబడినవాడు తటస్థుడు. ఆ లెక్కన సాయంత్రం పూట మన బీచ్ రోడ్డు నిండా తటస్థులే! ఈనాటి వాడుకలో ఆ మాటకు ‘నాకేం పట్టదు’ అనే ఛాయ వచ్చేసింది. నాటకంలోని శోకాన్ని ప్రేక్షకుడు ఎలా అనుభవిస్తాడని చర్చిస్తూ ఆలంకారికుడు భట్టనాయకుడు, ఎవరిదో అన్నట్టూ కాదు, తనదే అన్నట్టూ కాదు అన్నాడు. మీకు కావలసింది ఆ చోటు. దానికి ఒంటి మాట వెతికేకంటే ‘దగ్గరగా ఉండి వినడం’ అని విడమరచి రాయడమే మేలు.

నిజానికి ఈ విషయంలో నామవాచకం ఏదైనా పరవాలేదు, వాక్యాలే ముఖ్యం. మీవాళ్ళకు నేర్పవలసినవి అవే.

ఐసీయూ బయట ఒకాయన నిలబడి, ‘డాక్టరుగారు నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయారండీ’ అన్నారనుకోండి. ‘మీ బాధ నాకు తెలుసు’ అంటే ఆ బాధను ఆయన చేతిలోంచి లాక్కున్నట్టు. ‘మీకు కోపంగా ఉన్నట్టుంది’ అని చూడండి. ఆ ‘ఉన్నట్టుంది’లో ఊహే తప్ప తీర్పు లేదు. ‘కోపం కాదండీ, భయం’ అని ఆయన దిద్దడానికి చోటుంది. అలా దిద్దితే మీ వాక్యం సార్థకమైనట్టే.

తెలుగులో మనం, మేము వేరు. ఈ వరం ఇంగ్లీషుకూ హిందీకీ లేదు. కానీ ఓదార్చేటప్పుడు అదే కొంప ముంచుతుంది. ‘మనం ధైర్యంగా ఉండాలి’ అన్నది ఆప్యాయంగానే వినిపిస్తుంది. వినేవారిని అడగకుండానే అందులో కలిపేసుకుంటాం. భర్త మంచంలో ఉన్న ఆవిడ ధైర్యంలో మన వాటా ఎంత? ‘మీరు’తో మొదలయ్యే ప్రశ్నలు చాలు: ‘మీరు పొద్దుటినుంచి ఏమైనా తిన్నారా?’

‘మీరింకా నయం’ అన్న మాటను కరపత్రంలో నల్లగీతల గడిలో పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ ఊరంతా ఆ మాటే. కిటికీ అద్దాలు పోయినవారికి పైకప్పు రేకులు పోయినవారు, వారికి ఇల్లే కూలినవారు చెప్పేవారు. చెప్పేవాడికి అది ఓదార్పు. వినేవాడికి, తన బాధను త్రాసులో పెట్టి తేలిక అని తేల్చినట్టు. ‘అంతా మన మంచికే’ సంగతి చెప్పనే అక్కర్లేదు.

బాధ చెప్పుకోవడం అంటాం గదా, ఆ ‘కొను’ మీద కాస్త దృష్టి పెట్టండి. వండడం, వండుకోవడం లాంటిదే ఇదీ. వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు, పని ఫలం చేసేవారికే చెందుతుంది. ఆమె బాధ చెప్పుకుంది అంటే ఆ చెప్పడం ఆమెకోసం. మనం పరిష్కారం చెప్పాలనీ, మన కథ ఎత్తుకోవాలనీ ఆ క్రియలో ఎక్కడా లేదు.

రెండో వైపు జాగ్రత్త మరీ కష్టం. కడుపు తరుక్కుపోవడం, గుండె చెరువు కావడం మన భాషలో మంచితనానికి గుర్తులు. కాబట్టి తరుక్కుపోనివాడు కఠినుడనిపించుకుంటాడేమోనని భయం. కానీ పరామర్శకు వచ్చినవారే భోరుమంటే, ఏడుస్తున్న ఇంటివారు లేచి వారికి మంచినీళ్ళు అందించాలి. ఇది చూడనివారెవరు? కళ్ళు చెమర్చడం తప్పుకాదు, ఎదుటివారికి మనల్ని ఓదార్చే పని పెట్టకూడదు.

పెద్దలు దీనికి చక్కని ఏర్పాటే చేశారు. మనవైపు ‘పలకరించి వచ్చాం’ అంటారు. ఇంట మనిషి పోయినచోట కాసేపు కూర్చుని, ‘వెళ్ళొస్తాం’ అని కూడా అనకుండా లేచి వస్తారు. అశుభం మాట అటుంచితే, ఏమీ మాట్లాడకుండా ఉండటానికి ఆచారమే అనుమతి ఇచ్చింది. పరామర్శ కూడా అంతే. సంస్కృతంలో దానికి మూలమైన మృశ్ ధాతువుకు తాకడం, నిమరడం అని అర్థం. హిందీలో పరామర్శ్ అంటే సలహా. తెలుగులో మాత్రం వెళ్ళి అడిగి తెలుసుకోవడం. ఈ ఒక్కచోట హిందీవారి బాట పట్టకండి.

ఒక చిన్న దిద్దుబాటు. మీ ఉత్తరంతో జతచేసిన ముసాయిదాలో ‘పరామర్ష’ అని ఉంది. ఆ ధాతువువల్ల అక్కడ ‘శ’ రావాలి, విమర్శలో లాగే. అచ్చుకు పంపేముందు మార్చండి.